వయసా, జబ్బా? సోలార్ ప్యానెళ్లు కోలుకున్న చరిత్ర

ఈ వారం ఎపిసోడ్‌లో సోలార్ ప్లాంట్ల గురించి మాట్లాడుతూ ఒకచోట నేను "పడిపోయిన ప్యానెళ్లు మళ్లీ లేచాయి" అనేసి ముందుకెళ్లిపోయాను. అదెలా కుదురుతుంది, ఎవరు కనిపెట్టారు, నిజంగానే లేస్తాయా అని చాలామంది అడిగారు. మైకు ముందు కూర్చుంటే తేదీలు, పేర్లు నాకు సరిగ్గా నోటికి రావు. అందుకని ఆ ముక్కని ఇక్కడ నింపాదిగా రాస్తున్నాను. ఎపిసోడ్ వినకపోయినా ఇది చదువుకోవచ్చు.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

నేను పని చేసేది కాలిఫోర్నియా నడిమధ్య, శాన్ వాకీన్ లోయలో. సోలార్ ప్లాంట్ల మెయింటెనెన్స్ నా ఉద్యోగం. 2015 చలికాలంలో ఒక ప్లాంట్ మీద రిపోర్టు రాయాల్సి వచ్చింది. కట్టి నాలుగేళ్లే అయింది, కానీ కొన్ని వరసల్లో కరెంటు బాగా తగ్గింది. దుమ్మేమో అని కడిగించాం, ఫలితం లేదు. వైర్లు చూశాం, ఫ్యూజులు చూశాం, అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి రిపోర్టులో ఒక వాక్యం రాసి సంతకం పెట్టాను: సరుకు నాసిరకం, వయసుకు ముందే ముసలిదైపోయింది, మార్చాలి. ఆ ఒక్క వాక్యం మీద కొన్ని వందల ప్యానెళ్లు దించి లారీ ఎక్కించారు. అన్నీ తుక్కు కింద పోయాయి.

వాటిలో చాలావాటికి వచ్చింది ముసలితనం కాదు, జబ్బు. అదీ నయమయ్యే జబ్బు. ఆ సంగతి అప్పటికే ఈ రంగంలో వాళ్లకి తెలుసు. నాకే తెలీదు. ఎందుకు తెలీదంటే, నా చేతిలో ఉన్న వస్తువు చరిత్ర నేను ఎప్పుడూ చదువుకోలేదు. తర్వాత కూర్చుని చదివాను. మీకు చెప్పబోయేది అదే.

క్యారిజో మైదానం

మాకు రెండు మూడు గంటల దూరంలో క్యారిజో మైదానం ఉంది. వానలు బాగా పడిన ఏడాది, వసంతంలో ఆ కొండలు పసుపు పూలతో నిండిపోతాయి. ఒకసారి రెండు కుటుంబాలం కలిసి పులిహోర, పెరుగన్నం కట్టుకుని పూలు చూడ్డానికి వెళ్లాం. 58వ నంబరు రోడ్డు మీద వెళ్తుంటే పూలతోపాటు ప్యానెళ్లు కూడా కనిపిస్తాయి. టోపాజ్ సోలార్ ఫామ్, 550 మెగావాట్లు, 2014లో పూర్తయింది. ఆ మైదానంలోనే కాలిఫోర్నియా వ్యాలీ సోలార్ రాంచ్ అని ఇంకో 250 మెగావాట్ల ప్లాంట్ ఉంది.

"ఇంత ఎండ కాసే చోటు, ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదా?" అన్నాడు మా స్నేహితుడు.

తట్టింది. ఇక్కడ సోలార్ రావడం ఇది రెండోసారి.

1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో చమురు కంపెనీలే సోలార్ వైపు చూశాయి. అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ అనే చమురు కంపెనీకి ఆర్కో సోలార్ అని ఒక విభాగం ఉండేది. వాళ్లు 1982లో ఇదే రాష్ట్రంలో హెస్పీరియా దగ్గర 1 మెగావాట్ ప్లాంట్ పెట్టారు. మరుసటి ఏడాది క్యారిజో మైదానంలో ఇంకా పెద్దది మొదలుపెట్టారు. అడుగు వెడల్పు, నాలుగు అడుగుల పొడవు ఉన్న ప్యానెళ్లు దాదాపు లక్ష. అన్నీ కలిపి 5.2 మెగావాట్లు. ఇప్పటి టోపాజ్‌లో నూరో వంతు కూడా కాదు. కానీ ఆ రోజుల్లో ప్రపంచంలో అంత పెద్ద సోలార్ ప్లాంట్ ఇంకోటి లేదు.

అప్పట్లో ప్యానెల్ ఖరీదు చాలా ఎక్కువ. అందుకని వాళ్లో ఉపాయం చేశారు. ప్యానెళ్ల పక్కన అద్దాలు బిగించి, పక్కలకి పోయే ఎండని కూడా ప్యానెల్ మీదకే తిప్పారు. తక్కువ ప్యానెళ్లతో ఎక్కువ కరెంటు. లెక్క కాగితం మీద బాగానే ఉంది.

ఇక్కడ ప్యానెల్ లోపల ఏముంటుందో కొంచెం చెప్పాలి. పైన గాజు, కింద సిలికాన్ సెల్స్. ఆ రెండూ అతుక్కుని ఉండడానికి మధ్యలో పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. దాన్ని ఈవీఏ అంటారు. జిగురు అనుకోండి. మామూలు ఎండకి ఆ జిగురు చాలాకాలం తట్టుకుంటుంది. అద్దాల వల్ల ఎండ పెరిగింది, దాంతో వేడీ పెరిగింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకోవడానికి జిగురులో కలిపిన మందు ముందే ఖర్చయిపోయింది. జిగురు పసుపు రంగుకి, తర్వాత ముదురు గోధుమ రంగుకి తిరిగింది, పాత పుస్తకంలో కాగితంలా. వెలుతురు సెల్ దాకా చేరడం తగ్గిపోయింది. ఇంకో సంగతి: ఇలా మాగిన ప్యానెళ్లలో ప్రతి సెల్ నడుమ గోధుమ రంగులో ఉన్నా అంచులు మాత్రం తెల్లగానే ఉంటాయి. సందుల్లోంచి వచ్చే గాలిలోని ఆక్సిజన్ అక్కడి రంగుని విరిచేస్తుంది.

ఏటేటా ఉత్పత్తి పడిపోయింది. 1990 నాటికి ఆర్కో సోలార్ సీమెన్స్ చేతికి వెళ్లింది, ప్లాంట్ కూడా చేతులు మారింది. 1991లో ఈ ప్లాంట్ క్షీణత మీదే ఒక పరిశోధన పత్రం వచ్చింది. మామూలు ప్యానెల్ మీద అద్దాలతో ఎండని పోగేస్తే ఏమవుతుంది అన్నది అందులో ప్రశ్న. 1990ల చివర్లో మొత్తం ఊడదీశారు.

ఊడదీసిన ప్యానెళ్లు తుక్కులోకి పోలేదు. సెకండ్ హ్యాండ్ బజారుకొచ్చాయి. కరెంటు లైను లేని చోట ఇళ్లు కట్టుకున్నవాళ్లు వాటిని కొనుక్కుని ఏళ్ల తరబడి వాడుకున్నారు. పవర్ ప్లాంట్‌గా లెక్క కుదరలేదు కానీ, ప్యానెల్‌గా అది చచ్చిపోలేదు. కింద ఉన్న సిలికాన్ చాలావరకు బాగానే ఉంది. మసకబారింది పైనున్న కిటికీ.

అద్దాలకి జిగురు ఓడిపోయిందని గుర్తుపట్టకపోతే ఆ అంకెలు చూసి "సోలార్ ప్యానెల్ ఇంతే, పదేళ్ల సరుకు" అనుకోవడం తేలిక. కరెంటు తగ్గినప్పుడు ఎంత తగ్గింది అనే అంకె ఒక్కటే చాలదు, ఏ భాగం దెబ్బతింది అని కూడా అడగాలి. క్యారిజో నేర్పిన మొదటి పాఠం అది.

వేడి చేస్తే తిరిగొచ్చింది

క్యారిజో జిగురుకి మందు లేదు. ఒకసారి మాగితే మాగినట్టే. కానీ పోయింది తిరిగొస్తుందని అంతకు పదేళ్ల ముందే కొందరు ల్యాబుల్లో చూశారు.

1954లో బెల్ ల్యాబ్స్‌లో షాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు పనికొచ్చే మొదటి సిలికాన్ సోలార్ సెల్ చేసి చూపించారు. దాని సామర్థ్యం సుమారు 6 శాతం. 1973లో జర్మనీలో ఫిషర్, పుషుండర్ అనే ఇద్దరు ఒక విచిత్రం గమనించారు. కొత్తగా చేసిన సెల్‌ని వెలుతురులో పెట్టగానే మొదటి కొన్ని గంటల్లోనే దాని శక్తి కొంచెం తగ్గిపోతోంది. అదే సెల్‌ని చీకట్లో 200 డిగ్రీలకి వేడి చేస్తే మళ్లీ మొదటికి వస్తోంది. మళ్లీ వెలుతురులో పెడితే మళ్లీ తగ్గుతోంది. సిలికాన్‌లో కలిపే బోరాన్, అందులో మిగిలిపోయిన ఆక్సిజన్, ఈ రెండూ కలిసి చేసే పని ఇది అని తేలడానికి 1990ల చివరి దాకా పట్టింది.

1977లో అమెరికాలో ఆర్‌సీఏ ల్యాబ్స్‌లో స్టేబ్లర్, రాన్‌స్కీ అనే ఇద్దరికి ఇలాంటిదే ఇంకోటి దొరికింది. వాళ్లు చూస్తున్నది అమార్ఫస్ సిలికాన్, చిన్నప్పుడు మనం వాడిన సోలార్ క్యాలిక్యులేటర్లలో ఉండే నల్లటి పలక లాంటిది. వెలుతురు పడేకొద్దీ దాని గుణం తగ్గుతుంది. 150 డిగ్రీలు దాటి వేడి చేస్తే తిరిగొస్తుంది. దీనికి వాళ్ల పేరే పెట్టారు. తర్వాత ఆ రకం ప్యానెళ్లు ఆరుబయట పెట్టినవాళ్లకి ఇంకో తమాషా కనిపించింది. చలికాలంలో ఉత్పత్తి తగ్గి, ఎండాకాలం వేడికి కొంత మళ్లీ పుంజుకునేది. మనుషులకి చలికాలంలో కీళ్లు పట్టేసి వేసవిలో వదిలేసినట్టు.

ఈ ఇద్దరిద్దరు చూసిన దాంట్లో నాకు ముఖ్యం అనిపించింది ఇది. "తగ్గడం" అనే మాట కింద రెండు వేరువేరు సంగతులు ఉన్నాయి. ఒకటి అరుగుదల, రెండోది స్థితి మారడం. అరిగింది తిరిగి రాదు. స్థితి మారితే, దాన్ని మార్చిన కారణాన్ని తిప్పి కొట్టి వెనక్కి తేవచ్చు. బట్ట చిరగడం వేరు, ముడతపడడం వేరు కదా, అలాగన్నమాట.

కాకపోతే ల్యాబులో ఒక సెల్‌ని 200 డిగ్రీలకి వేడి చేయొచ్చు. ఎండలో బిగించిన లక్ష ప్యానెళ్లని ఏ పొయ్యి మీద పెడతాం? అందుకని చాలాకాలం ఇది ల్యాబు ముచ్చటగానే మిగిలింది. ప్లాంట్లలో పనికొచ్చే వైద్యం వేరే దారిలో వచ్చింది.

ఎప్పుడూ ఒకే కొస

మా ప్లాంట్ దగ్గరికి మళ్లీ వద్దాం. దించేసిన ప్యానెళ్ల చోట కొత్తవి బిగించారు. రెండు చలికాలాలు గడిచాయి. కొత్తవీ పడిపోయాయి.

అప్పుడు మాతో పని చేసే పెద్ద వయసు టెక్నీషియన్ ఒకాయన, ఫ్రెజ్నో మనిషి, నన్ను వరస వెంట నడిపించి చూపించాడు. "గమనించావా? పోయేది ఎప్పుడూ ఈ కొసవే. ఆ కొసవి ఎప్పుడూ పోవు. పాత ప్యానెళ్లు చెడ్డవైతే అన్ని చోట్లా పోవాలి కదా?" అన్నాడు. ఆయన కాలేజీ మెట్లు ఎక్కినవాడు కాదు. నేను రెండు డిగ్రీలు చేసి వచ్చినవాణ్ణి. ఆ మాట నాకు రెండేళ్ల ముందే తట్టి ఉండాల్సింది.

ఆ కొస ఏమిటంటే, నెగటివ్ కొస. ప్లాంట్లలో ప్యానెళ్లని గొలుసులా ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. దాన్ని స్ట్రింగ్ అంటాం. మొత్తం గొలుసు 1000 వోల్టుల దాకా వెళ్తుంది, ఇప్పుడు 1500 కూడా. గొలుసుని ఎక్కడా ఎర్త్ చేయకుండా వదిలేస్తే, భూమితో పోలిస్తే ఒక కొస దాదాపు ప్లస్ 500 వోల్టుల దగ్గర, రెండో కొస మైనస్ 500 దగ్గర ఉంటుంది. ప్యానెల్ చుట్టూ ఉన్న అల్యూమినియం ఫ్రేమ్ మాత్రం ఎర్త్ అయి ఉంటుంది. అంటే ఆ చివర ఉన్న ప్యానెళ్లలో, లోపలి సెల్స్‌కీ బయటి ఫ్రేమ్‌కీ మధ్య రోజంతా వందల వోల్టుల లాగుడు ఉంటుంది.

ఈ లాగుడు మంచిది కాదని మొదట గట్టిగా చెప్పింది పసడీనాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబ్. చమురు సంక్షోభం తర్వాత 1975 నుంచి 1986 దాకా వాళ్లు ప్రభుత్వం కోసం సోలార్ ప్యానెళ్ల ప్రాజెక్టు ఒకటి నడిపారు. ప్యానెళ్లు కొని, వాటి మీద వడగళ్లు కొట్టి, తేమలో నానబెట్టి, పగలగొట్టి పరీక్షించారు. ఇప్పటికీ ప్యానెళ్లకి చేసే పరీక్షలకి మూలం చాలావరకు అక్కడే ఉంది. 1985లో ఆ ల్యాబ్‌కి చెందిన మాన్, రాస్ వోల్టేజీ, తేమ కలిసి ప్యానెల్‌ని ఎలా తినేస్తాయో చూపించారు. అప్పటి ప్లాంట్లు చిన్నవి, వోల్టేజీలు తక్కువ. పైగా అమెరికాలో గొలుసు ఒక కొసని ఎర్త్ చేసే అలవాటు ఉండేది. సమస్య పెద్దగా బయటపడలేదు. ఆ కాగితాలు బీరువాలోకి పోయాయి.

ఇరవయ్యేళ్ల తర్వాత వోల్టేజీలు పెరిగాయి. ట్రాన్స్‌ఫార్మర్ లేని చవక ఇన్వర్టర్లు వచ్చాయి. వాటితో కొసని ఎర్త్ చేయడం కుదరదు. బీరువాలోని సమస్య ఎండలోకి వచ్చింది.

2005లో సన్‌పవర్ కంపెనీకి చెందిన స్వాన్సన్ బృందం తమ ప్యానెళ్లలోనే ఒక లోపం కనిపెట్టి, దాన్ని తామే బయటపెట్టింది. ఎక్కువ సామర్థ్యం ఉన్న తమ సెల్స్, గొలుసులో ప్లస్ వోల్టేజీలో ఉన్నప్పుడు పైపొర మీద విద్యుదావేశం పేరుకుని శక్తి తగ్గుతోంది. ప్లస్ కొసని ఎర్త్ చేస్తే ఆగిపోతుంది. వోల్టేజీని తిప్పి పెడితే పోయింది తిరిగొస్తుంది. కనిపెట్టిన లోపంతోపాటే దాని విరుగుడు కూడా చెప్పారు.

2010లో మామూలు సెల్స్‌లో ఇదే గొడవ తలకిందులుగా ఉందని జర్మనీకి చెందిన సోలాన్ కంపెనీ ఇంజనీర్లు పింగెల్, మరికొందరు వివరంగా రాశారు. ఈసారి దెబ్బతినేది నెగటివ్ కొస. అక్కడి నుంచే దీనికి పిఐడి అనే పేరు స్థిరపడింది. వోల్టేజీ వల్ల వచ్చే క్షీణత అని అర్థం. మా ప్లాంట్‌కి వచ్చింది ఇదే.

లోపల జరిగేది ఏమిటో ఆ తర్వాతి కొన్నేళ్లలో జర్మనీలోని హాలె నగరంలో ఫ్రాన్‌హోఫర్ పరిశోధకులు మైక్రోస్కోపు కింద పట్టుకున్నారు. దోషి సోడియం. మామూలు గాజులో సోడియం ఉంటుంది. వందల వోల్టుల లాగుడుకి సోడియం అయాన్లు సెల్ వైపు కదులుతాయి. సిలికాన్ స్ఫటికంలో అక్కడక్కడ కంటికి కనపడని పొరపాట్లు, అంటే పొరలు సరిగ్గా పేర్చుకోని సందులు ఉంటాయి. సోడియం పోయి ఆ సందుల్లో చేరుతుంది. అక్కడి నుంచి కరెంటు బయటికి రాకుండా లోపల్లోపలే కారిపోతుంది. అడుగున చిల్లు పడ్డ కుండలో నీళ్లు పోసినట్టు. ఎండ బాగా ఉన్నప్పుడు పోసే నీళ్లు ఎక్కువ కాబట్టి చిల్లు అంతగా తెలియదు. పొద్దున్నే, సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు బాగా బయటపడుతుంది.

వేడి, తేమ దీనికి తోడు. గాజు మీద నీటి పొర ఉంటే ఫ్రేమ్ నుంచి గాజు మొత్తం మీదకి కరెంటుకి దారి దొరుకుతుంది. శాన్ వాకీన్ లోయలో చలికాలం ట్యూలే మంచు దిగుతుంది. రోజుల తరబడి ఎదురుగా ఉన్న కారు కనపడదు. ప్యానెళ్ల మీద నీళ్లు పొద్దెక్కినా ఆరవు. పేరుకి ఎండ దేశమే అయినా, జబ్బుకి కావలసిన తేమ మా దగ్గర దండిగా ఉంది.

రాత్రిపూట వైద్యం

సోడియం వోల్టేజీకి లొంగి లోపలికి వెళ్లింది కాబట్టి, వోల్టేజీని తిప్పితే బయటికి వస్తుంది. వైద్యం ఇంతే. రాత్రి సూర్యుడు లేనప్పుడు ఇన్వర్టర్ నిద్రపోతుంది, గొలుసుకి పని ఉండదు. ఆ సమయంలో ఒక పెట్టె లాంటి పరికరం గొలుసు మొత్తాన్ని భూమితో పోలిస్తే వందల వోల్టుల ప్లస్‌లో ఉంచుతుంది. ఖర్చయ్యే కరెంటు చాలా స్వల్పం. తెల్లవారగానే పెట్టె తప్పుకుంటుంది, ఇన్వర్టర్ పని మొదలుపెడుతుంది. పగలు జరిగిన చెడుని రాత్రి సరిచేయడం అన్నమాట. జబ్బు ముదరక ముందైతే కొన్ని వారాల్లో తేడా కనిపిస్తుంది, ముదిరితే నెలలు పడుతుంది. వెచ్చటి రాత్రుల్లో త్వరగా కోలుకుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఇన్వర్టరైతే పెట్టె కూడా అక్కర్లేదు, నెగటివ్ కొసని ఎర్త్ చేస్తే కొత్తగా జబ్బు రాదు, వచ్చింది మెల్లగా తగ్గుతుంది.

మా ప్లాంట్‌లో పెట్టెలు బిగించే ముందు జబ్బుని నిర్ధారించుకోవాలి కదా. చీకటి పడ్డాక ప్యానెళ్లకి బయటి నుంచి కరెంటు ఇచ్చాం. సోలార్ సెల్‌కి కరెంటు ఇస్తే అది కంటికి కనపడని పరారుణ కాంతిలో వెలుగుతుంది. ప్రత్యేకమైన కెమెరాతో చూస్తే బాగున్న సెల్స్ తెల్లగా, జబ్బు పడ్డవి నల్లగా, చదరంగం బల్లలా కనిపించాయి. నెగటివ్ కొస నుంచి లోపలికి వచ్చేకొద్దీ నలుపు తగ్గుతూ పోయింది. ఆ ఫోటో నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. 2015లో ఆ ఒక్క ఫోటో తీసి ఉంటే లారీ వచ్చేది కాదు.

ఆ ఏడాది మేలో పెట్టెలు పెట్టాం. ఆగస్టు వచ్చేసరికి చాలా వరసలు లేచాయి. అన్నీ కాదు. మరీ చివర ఉన్న కొన్ని ప్యానెళ్లు ఎంతోకొంత కోలుకుని ఆగిపోయాయి. అయినా వాటిని ఎవరూ దించలేదు. టెక్నీషియన్ పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

అన్నీ కోలుకోవు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నేను ఇంకో తప్పు చేసినవాణ్ణవుతాను. రాత్రి పెట్టె అన్నిటికీ మందు కాదు. గాజు పగిలినా, సెల్ చీలినా, సోల్డర్ అతుకులు ఊడినా, లోపలికి నీరు చేరి లోహం తుప్పు పట్టినా, జిగురు మాగినా ఏ వోల్టేజీ తిప్పినా తిరిగి రాదు. వెనక ప్లాస్టిక్ షీటు బీటలు వారితే పైన పూత వేసి మూసేవాళ్లు ఉన్నారు. దానివల్ల షాకు భయం తగ్గుతుంది, ఆయుష్షు కొంత పెరుగుతుంది, పోయిన శక్తి మాత్రం రాదు. పెట్టె తీసేస్తే పిఐడి కూడా మళ్లీ వస్తుంది. కాబట్టి అది షుగర్ మాత్ర లాంటిది, రోజూ వేసుకోవాల్సిందే. అసలు పరిష్కారం ఫ్యాక్టరీలో ఉంది. సెల్ మీది పూత మార్చి, సోడియంని అడ్డుకునే జిగురు వాడి, తర్వాతి తరం ప్యానెళ్లలో దీన్ని బాగా తగ్గించారు. 2015లో దీనికి అంతర్జాతీయ పరీక్షా పద్ధతి కూడా వచ్చింది.

ఇంకా ఒక చిక్కు ఉంది, అది లెక్కల పుస్తకంలో. అమెరికా జాతీయ ల్యాబ్ ఎన్‌ఆర్‌ఈఎల్‌కి చెందిన జోర్డన్, కుర్ట్జ్ అప్పటిదాకా ప్రపంచంలో అచ్చయిన దాదాపు 2000 కొలతలు పోగేసి చూశారు. ప్యానెల్ శక్తి ఏడాదికి తగ్గే రేటు మధ్యస్థంగా 0.5 శాతం అని తేలింది. మంచి పని అది, అందరం వాడుకుంటాం. కానీ ప్లాంట్ యజమానుల పుస్తకాల్లో ఇలాంటి అంకె ఒకసారి ఎక్కాక, ఎంత తగ్గినా "వయసు" అనే గడిలో వేసేయడం అలవాటైపోతుంది. సగటు అంకెలో ఆరోగ్యంగా ముసలివైనవీ ఉంటాయి, జబ్బుతో పడిపోయినవీ ఉంటాయి. మీ ప్లాంట్‌లోనివి ఏవో ఆ అంకె చెప్పదు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి ఏ నొప్పి వచ్చినా "వయసు మీద పడిందిలే" అనేసి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమే, సరిగ్గా అలాంటిదే ఇది.

నెల్లూరు నుంచి ఫోను

ఈ ఎపిసోడ్ చేయాలని నాకు అనిపించడానికి కారణం మా పిన్ని కొడుకు. వాడు నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గర్లో ఒక చిన్న సోలార్ ప్లాంట్‌లో సూపర్‌వైజర్. మన దేశంలో జాతీయ సోలార్ మిషన్ 2010లో మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్లలో కట్టిన ప్లాంట్లకి ఇప్పుడు పదేళ్లు దాటుతున్నాయి. ఐఐటీ బొంబాయి, జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి దేశమంతా తిరిగి ప్యానెళ్లు పరీక్షించారు, ఒకసారి కాదు, కొన్నేళ్లకోసారి. చల్లటి చోట్లకన్నా వేడి చోట్ల ప్యానెళ్లు త్వరగా తగ్గుతున్నాయని వాళ్లు చూశారు. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ల పొలిమేరలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, 2017లో నడక మొదలైంది. ఈ ప్రశ్న మన ఊళ్లలో కూడా ఇక ముందు తరచుగా వస్తుంది.

మావాడు వాట్సాప్‌లో ఫోన్ చేశాడు. "అన్నా, మావోళ్లు 60 ప్యానెళ్లు దించేయమంటుండారు. లిస్టు రాసిచ్చేశారు. నీకు తెలుసు కదా ఈ పని, ఒక మాట అడుగుదామని."

"ఏ కొసవిరా?"

"కొస ఏంది అన్నా?"

వాడి మీద నాకు నవ్వు రాలేదు. 2015లో నన్ను ఎవరైనా అడిగి ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. లిస్టులో ఉన్న ప్రతి ప్యానెల్ గొలుసులో ఎన్నోదో రాయమన్నాను. పొద్దున్నే ఎండ ముదరకముందు, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ని దగ్గర పెట్టుకుని, ఒక్కో ప్యానెల్ వోల్టేజీ కొలిపించమన్నాను. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి, పగటిపూట గొలుసులో ఉండే వోల్టేజీ ప్రాణం తీస్తుంది.

నాలుగు రోజులకి కాగితం ఫోటో పంపాడు. 60లో 41 నెగటివ్ కొసకి దగ్గరగా ఉన్నాయి. మిగతా 19 ఎక్కడెక్కడో చెదిరి ఉన్నాయి, వాటిలో చాలావాటికి కాలిన మచ్చలో, చీలికలో కంటికే కనిపిస్తున్నాయి. ఒకే లిస్టులో రెండు కథలు. ఒకటి నా 2015 రిపోర్టు, రెండోది నిజంగా వయసు, దెబ్బలు.

ఆ 41కి ఏమవుతుందో నేను చెప్పలేను. పెట్టెకి డబ్బు పెట్టాలా వద్దా అని వాళ్ల యజమాని ఇంకా తేల్చుకోలేదు. మావాడు మాత్రం ఆ 41ని దించే పని వాయిదా వేయించాడు. ఒకవేళ దించాల్సి వచ్చినా లారీ ఎక్కించకుండా షెడ్డులో పేర్చి, ఒక్కోదాని మీద గొలుసు నంబరు చాక్‌పీసుతో రాస్తానన్నాడు. నాకు అది చాలు. నేను రాసిన వాక్యానికి వాడి చాక్‌పీసు గీత కొంత విరుగుడు అనుకుంటున్నాను.

మీలో గల్ఫ్‌లో, ఆస్ట్రేలియాలో, ఇండియాలో సోలార్ ప్లాంట్లలో పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారని మీ ఉత్తరాల వల్ల తెలుసు. మీ దగ్గర ప్యానెళ్లు దించే లిస్టు తయారైతే, సంతకం పెట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇవి ఏ కొసవి? జవాబు ఏమొచ్చిందో మాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.